గరిటమ్మ మొహం మీది అతుకు

బుజ్జమ్మకి భర్త మీద ఉన్న మొదటి ఫిర్యాదు, ఆయన మీద చెప్పుకోవడానికి సరైన ఫిర్యాదు ఒక్కటీ లేకపోవడం. తాగడు, పేకాడడు. బీమా ఆఫీసు వదలగానే దారి తప్పకుండా ఇంటికొస్తాడు. పరాయి ఆడవాళ్ళ వైపు కన్నెత్తి చూడడు. చూశాడంటే వాళ్ళు నల్ల సిరాతో గీసిన బొమ్మలై, వెనకాల తేదీ ముద్ర ఉన్నవాళ్ళై ఉండాలి. "నీకేమే, పాత బొమ్మలు పోగేసుకుంటాడు, అంతేగా" అని అక్క తేలిగ్గా తీసిపారేస్తుంది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఏసీ బొమ్మల గదిలో ఉందనీ, ఎండాకాలం బొమ్మలు హాయిగా వణుకుతుంటే మనుషులు హాల్లో ఫ్యాను కింద పొర్లుతారనీ, కొత్త చెప్పులు కొంటే చెప్పులకంటే ముందు ఆ పెట్టెలోని తేమ పీల్చే పొట్లాం మీద ఆయన చెయ్యి పడుతుందనీ ఆ 'అంతేగా'లో ఎక్కడ వినపడుతుంది?

బుజ్జమ్మ అన్నది పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు. యాభై దాటి, మోకాళ్ళు మెట్లని తిట్టుకోవడం మొదలుపెట్టాక కూడా ఆ పేరు ఆవిడని వదిలిపెట్టలేదు.

ఆయన పోగేసేవి పేపర్లో అచ్చయిన బొమ్మలు కావు. అచ్చుకి ముందు కార్టూనిస్టు చేత్తో గీసిన అసలు కాగితాలు. వాటి మీద సిరా గీతల కింద లేత నీలం పెన్సిల్ గీతలుంటాయి. అచ్చు కెమెరాకి ఆ నీలం కనపడదట. తప్పు పోయినచోట తెల్లరంగు పూత ఉంటుంది. అంచున ఎంత మేర అచ్చెయ్యాలో ఎర్ర సిరాతో కొలత ఉంటుంది. అచ్చయిపోయాక పేపరువాళ్ళు వాటిని టీ గ్లాసుల కింద వేసుకున్నారనీ, కిటికీ సందుల్లో దోపారనీ, తను గనక అడ్డుపడకపోతే అన్నీ తుక్కులో పోయేవనీ ఆయన వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. ఎవరూ రాకపోతే బుజ్జమ్మకి చెబుతాడు.

ఆ ఆదివారం లైబ్రరీ హాల్లో ఆయన బొమ్మల మొట్టమొదటి ప్రదర్శన. అందుకే దానికి ముందు మంగళవారం కరెంటు కెటిల్ వంటింట్లోంచి మాయమైంది.

"నా కెటిల్ ఏదండీ?"

"పనిలో ఉంది."

బొమ్మల గదిలో ఆయన బల్ల ముందు వంగి ఉన్నాడు. కెటిల్ మూతిలోంచి ఆవిరి వస్తోంది. ఒక చేత్తో కార్టూన్ కాగితం ఆవిరికి అందీ అందనట్టు పట్టుకుని, రెండో చేత్తో వెన్న రాసే చాకు పట్టుకున్నాడు. అదీ ఆవిడదే.

బొమ్మ బుజ్జమ్మకి తెలుసు. ఒకప్పుడు అందరికీ తెలుసు. కింది మూలన సంతకానికి బదులు చిన్న చీమని గీసే కార్టూనిస్టు రోజూ వేసిన బొమ్మ అది. అందుకే ఊరంతా ఆయన్ని చీమగారనేవాళ్ళు. ఆ బొమ్మల్లో గరిట ఎత్తి పట్టుకుని మొగుడి మీదికి వెళ్ళే ఇల్లాలే గరిటమ్మ. మొదట్లో మొహంతో వచ్చేది, కానీ ఆ బొమ్మలు ఇప్పుడెక్కడా దొరకవు, ఆ మొహం ఎవరికీ గుర్తులేదు. ఉన్నట్టుండి ఒకరోజు పాఠకులకి వీపు తిప్పి నిలబడింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఇటు తిరగలేదు. కొప్పు, భుజాలు, ఎత్తిన గరిట, అంతే. 'మొహం లేని ఇల్లాలు' అని దాని మీద పెద్దవాళ్ళు వ్యాసాలు రాశారు.

"ఇది వీపుతో వచ్చిన మొదటి బొమ్మ" అన్నాడాయన గొంతు తగ్గించి, దొంగ సొత్తు చూపిస్తున్నట్టు. "తల నించి భుజాల దాకా, కొప్పు గీసిన వేరే కాగితం అతికించి ఉంది, చూడు. కింద ఏదో ఉంది."

చాకు మొన అంచు కింద దూరింది. అతుకు మెల్లిగా ఊడి, ముడుచుకుని బల్ల మీద పడింది. దాని కింద ఒక ఆడమనిషి మొహం. ముందుకి తోసుకొచ్చిన పళ్ళు, ముక్కు పక్కన మినపగింజంత పుట్టుమచ్చ, ఒకటి ఎత్తుగా ఒకటి పల్లంగా కనుబొమలు.

"చూశావా! ఎడిటరు నొక్కేశాడు! ఎవరో మంత్రిగారి భార్యలా ఉందని భయపడుంటాడు పిరికిపంద! ఏమోయ్, పోస్టరు మీద ఈ మొహమే వేస్తాను. ఇంతింత!" అని చేతులు బార్లా చాపాడు. "ఆ ముక్క పారెయ్యకు. ఎక్కడైనా సాపుగా పెట్టు."

సాపుగా పెట్టాలంటే బుజ్జమ్మకి తెలిసిన చోటు ఒక్కటే. ఆ ముక్కని రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పంచదార డబ్బా కింద ఉంచి, కెటిల్ వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, ప్రారంభోత్సవానికి పిలవడానికి బుజ్జమ్మని వెంటేసుకుని చీమగారింటికి వెళ్ళాడు. మేడ మీది వాటా. తలుపు తీసినావిడ నెరిసిన జుట్టు కొప్పు పెట్టుకుని ఉంది. "రండి రండి, లోపలున్నారు" అని, నవ్వేముందు అలవాటుగా చేత్తో నోరు మూసుకుంది.

బుజ్జమ్మ గడప మీదే ఆగిపోయింది. ముక్కు పక్కన పుట్టుమచ్చ. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా కనుబొమలు.

భర్త వైపు చూసింది. గీత చూసి పాళీ నంబరు చెప్పగల మనిషి, ఆవిడకి నమస్కారం పెట్టి, ఆవిడ పక్కనించే లోపలికి నడిచి, గోడ మీద ఫ్రేము కట్టిన బొమ్మ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు సర్దుకున్నాడు.

చీమగారు సన్నగా, గడ్డి పోచలా ఉన్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. ఆ చేతిని ఎడమచేత్తో పట్టుకుని, అల్లరి పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్నట్టు కూచున్నాడు. "నా బొమ్మలన్నీ బతికున్నాయన్నమాట! నేనే అనుమానం" అని నవ్వించాడు. పాత ఆఫీసు కబుర్లు చెప్పాడు. కుర్చీలో వెనక్కి వాలి వినడానికి ఎంత బాగుందంటే, బుజ్జమ్మకి కూడా ఆ పుట్టుమచ్చ కాసేపు మరుపునపడింది.

పెద్దావిడ టీ కప్పుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకో విశేషమండీ" అన్నాడు బుజ్జమ్మ భర్త, ఇంతసేపూ దాచుకున్న మిఠాయి బయటికి తీసినట్టు. "గరిటమ్మ మొహం బయటపెట్టాను. అతుకు ఊడదీశాను. పోస్టరు దాంతోనే వేయిస్తున్నాం."

పళ్ళెంలో కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. చీమగారు భార్య వైపు చూసి, వెంటనే కిటికీ వైపు చూశాడు.

"అదెందుకులెండి ఇప్పుడు. మళ్ళీ అంటించెయ్యండి."

"మీ మంచితనం కొద్దీ అంటున్నారు. ఎడిటరే కదండీ మూయించింది? చరిత్రకి తెలియాలి."

బుజ్జమ్మకి పెద్దావిడ చేతులు కనపడుతున్నాయి. పళ్ళెం అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి.

"ఆఁ" అన్నాడు చీమగారు చివరికి. "ఎడిటరే."

పెద్దావిడ టీ ఒలక్కుండా పళ్ళెం బల్ల మీద పెట్టి, చల్లగా లోపలికి వెళ్ళిపోయింది. చక్కెర తెస్తానన్న వంక పెట్టి బుజ్జమ్మ వెనకాలే వెళ్ళింది.

వంటింట్లో ఆవిడ కుళాయి కింద కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"నా పళ్ళు అంత పొడుగా అమ్మాయ్?"

బుజ్జమ్మకి అబద్ధాలు చెప్పడం రాక కాదు. ఈవిడ దగ్గర చెప్పబుద్ధి కాలేదు. "బొమ్మలో పొడుగు పిన్నిగారూ" అంది.

ఆ మాట ఆవిడకి నచ్చినట్టుంది. కుళాయి కట్టింది. "రోజూ పొద్దున్నే బొమ్మ ఇవ్వాలి ఆయన. ఎదురుగా దొరికేది నేను. మొదట్లో నాకూ నవ్వొచ్చేది. తర్వాత బస్సులో కండక్టరు 'గరిట తెచ్చారా అమ్మా' అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే గరిటమ్మకి కోపమొచ్చిందంటారుగా. కూరలబండి దగ్గర బేరమాడ్డం మానేశాను. ఏదన్నా అంటే, అదిగో గరిటమ్మ అనేవాళ్ళు. ఒకరోజు మా అమ్మాయి స్కూలుకి నువ్వు రావొద్దు, నాన్నని పంపు అంది. ఎందుకే అంటే చెప్పదు. నా మొహంకేసి చూడకుండా రిబ్బను వేలికి చుట్టుకుంటూ కూచుంది."

"మరి ఆయనతో దెబ్బలాడారా?"

"దెబ్బలాడితే మర్నాడు పేపర్లో వస్తుందిగా!"

బుజ్జమ్మకి నవ్వొచ్చింది. పెద్దావిడకీ వచ్చింది. చెయ్యి దానంతటదే నోటి మీదికి వెళ్ళింది.

"అందుకని మొహం చూపించడం మానేశాను. అన్నం పెట్టేదాన్ని, కాఫీ ఇచ్చేదాన్ని, అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని. అన్నీ అటు తిరిగి. వారం పైనే గడిచింది. ఏమైందే అని అడగలేదు. ఒకరోజు పేపర్లో చూస్తే గరిటమ్మ అటు తిరిగి ఉంది. ఆయనకి రోజూ కనపడేది అదే కదా మరి. సరే, తెలుసుకున్నారు, తప్పని నోటితో అనకపోయినా కాగితంతో అన్నారులే అనుకుని నేనూ ఇటు తిరిగాను. తర్వాత సభలు పెట్టి పొగిడారు. మొహం లేదంటే ప్రతి ఇంటి ఇల్లాలూ అని అర్థం అంటూ ఉపన్యాసాలు ఇచ్చారు. పోనీలే, అంటించారుగా, ఆ అంటించడమే ఆ మాట అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ." గిన్నె బోర్లించింది. "ఇవాళ ఎడిటరన్నారు. విన్నావుగా."

చక్కెర డబ్బా బుజ్జమ్మ చేతికిచ్చి, ఆవిడ ఇంకో మాట అంది, చాలా మామూలుగా. "ఆ పోస్టర్లు మా బజారు వైపు అంటించొద్దని మీ ఆయనకి చెప్తావా అమ్మా? కూరలబండి ఇప్పుడు అప్పటి బండివాడి కొడుకు నడుపుతున్నాడు. వాడికి నేను ఎవరో తెలీదు."

స్కూటరు వెనక కూచుని బుజ్జమ్మ ఒక సందు దాటేదాకా ఓపిక పట్టింది.

"మొహం చూశారా?"

"ఎవరిది?"

"తలుపు తీసినావిడది."

"చూడకేం. మంచావిడ. టీ బాగుంది."

బుజ్జమ్మ మొత్తం చెప్పింది, కుళాయితో సహా. ఆయన స్కూటరు పక్కకి ఆపాడు. కాసేపు హ్యాండిల్ మీద గీతలు లెక్కపెడుతున్నట్టు కూచున్నాడు. తర్వాత, ఒప్పుకుంటే పోస్టరు పోతుందని తట్టిందో ఏమో, తల అడ్డంగా ఊపాడు.

"కార్టూన్ అన్నాక అతిశయోక్తి ఉంటుంది బుజ్జీ. ఆవిడ మనసుకి పట్టించుకుంది, అంతే. గీసినాయన తన నోటితో తను ఎడిటరని చెప్పాడు కదా? అసలు బొమ్మ దొరికాక దాచడం నేరం. నువ్వు బొమ్మని బొమ్మలా చూడవు, అదీ నీతో చిక్కు."

"పోస్టరు ఎప్పుడు అచ్చుకి వెళ్తుంది?"

"శుక్రవారం."

బుజ్జమ్మ ఇంటికెళ్ళి, వంటింట్లోకి వెళ్ళి, అటు తిరిగింది.

ఆ రాత్రి ఆయన గమనించలేదు. పైగా కూర బాగుందన్నాడు. గురువారం పొద్దున తువ్వాలు ఎక్కడని అడిగితే, ఆవిడ స్టవ్వు వైపు చూస్తూనే గరిటతో వెనక్కి చూపించింది. వెళ్ళి తుడుచుకున్నాడు. సాయంత్రం ఆఫీసులో ఎవరికో ప్రమోషన్ వచ్చిన సంగతి ఆవిడ కొప్పుకి సవిస్తరంగా చెప్పి, "అన్యాయం కాదూ?" అని అడిగి, "అన్యాయమే" అని కొప్పు అంటే తృప్తిగా పేపరు తెరిచాడు. బుజ్జమ్మకి కోపంకంటే ఆశ్చర్యం ఎక్కువైంది. ఇలా అయితే తన మొహం లేకుండా ఈ సంసారం ఇంకో పాతికేళ్ళు ఇబ్బంది లేకుండా నడిచేట్టుంది. మెడ మాత్రం పట్టేసింది. పిన్నిగారు వారం పైనే ఎలా నెగ్గుకొచ్చిందో!

శుక్రవారం పొద్దున ఆయన పోస్టరు నమూనాతో వంటింట్లోకి వచ్చాడు. కాగితం రెపరెపలు వెనకనించి వినపడ్డాయి.

"ఎలా ఉందో చూడు."

"ఇట్నించి కనపడుతోంది."

"కనపడ్డమేమిటి, ఇటు తిరిగి చూడు ఒకసారి."

ఆయన ఎడమవైపు నించి వచ్చాడు, ఆవిడ కుడివైపుకి జరిగింది. కుడివైపు నించి వచ్చాడు, ఆవిడ పోపుల డబ్బా కోసం ఎడమకి జరిగింది. "నీకేమైంది?" అన్నాడు. ఆవిడ ఉప్పు చూడడానికి గరిట ఎత్తింది.

"కదలకు" అన్నాడు ఆయన.

ఆ గొంతు బుజ్జమ్మకి తెలుసు. పాత కట్టలు విప్పుతున్నప్పుడు, ఏదో గీత గుర్తుపట్టినప్పుడు వచ్చే గొంతు. గరిట ఎత్తిన చెయ్యి అలాగే ఉంచింది.

"ఆ ముక్క ఏదీ?"

"పంచదార డబ్బా కింద."

డబ్బా జరిగిన చప్పుడు. ఆయన ఆ ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాడని ఆవిడకి చూడకుండానే తెలుస్తోంది. ముందు ముక్కని, తర్వాత తనని, మళ్ళీ ముక్కని. గరిట ఎత్తితే ఎడమ భుజం కిందికి దిగుతుంది. అలిసిపోయిన కొప్పు ఒక పక్కకి జారుతుంది. మెడ మీద రెండు వెంట్రుకలు విడిగా ఉంటాయి. కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

"ఇది ఊహించి గీసింది కాదు" అన్నాడు చాలాసేపటికి. "చూసి గీశాడు."

కుర్చీ లాగి కూచున్న చప్పుడు.

"ఎన్నాళ్ళన్నావు ఆవిడ అలా?"

"వారం పైనే."

"ఆయన అడగలేదా?"

"మీరు అడిగారా?"

పోస్టరు నమూనా నెమ్మదిగా మడతపడడం వినపడింది. ఒక మడత, ఇంకో మడత. ఆయన గొంతు సవరించుకున్నాడు. బుజ్జమ్మ ఆ మాట కోసం చెవి ఒగ్గి నిలబడింది.

"మైదా ఉందా?" అన్నాడు ఆయన.

మగవాళ్ళు ఇలాంటప్పుడు జిగురు అడుగుతారు కాబోలు. బుజ్జమ్మ స్టవ్వు ఆపి, ఇటు తిరిగింది. ఆయన చేతిలో ఆ ముక్క ఉంది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది. చూపు మాత్రం ఆవిడ మొహం మీద ఉంది, కొత్తగా దొరికిన బొమ్మని చూసినట్టు. ఆవిడ మైదా తీసి నీళ్ళల్లో పలచగా కాచి చల్లార్చింది. ఆయన ఊపిరి బిగబట్టి అతుకు దాని చోట పెట్టి, పైన తెల్లకాగితం వేసి, ఆ పైన నిఘంటువు పెట్టాడు. ప్రదర్శనకని అప్పటికే అచ్చేయించిన బ్రోషరులో ఎడిటరు గురించి తను రాసిన పేరా మీద నల్ల సిరాతో, కాపీ కాపీకీ, తనే గీత కొట్టాడు. శనివారం అంతా దానికే సరిపోయింది.

ఆదివారం పెద్దావిణ్ణి తీసుకురావడానికి బుజ్జమ్మే వెళ్ళింది. ఆవిడ మెట్ల మీద ఆగి అడిగింది, "పోస్టరు మీద ఏముంది?"

"వీపు."

"ఎవరిది?"

"మీదే పిన్నిగారూ. కాస్త నాది కూడా."

లైబ్రరీ హాల్లో ఇనపకుర్చీలు వేశారు. పెద్దావిడ నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్ళలేదు. గోడ వారనే నడుస్తూ, పక్క బొమ్మలు చూస్తున్నట్టు చూస్తూ చేరుకుంది. అతుకు అంచు మీద వేలితో గాలిలో ఒక గీత గీసింది. తర్వాత వెళ్ళి ఆఖరి వరసలో కూచుంది. బుజ్జమ్మ ఆవిడ పక్కన కూచుంది.

బుజ్జమ్మ భర్త నాలుగు మాటల్లో స్వాగతం ముగించాడు. అది ఆయన జీవితంలోనే అతి చిన్న ఉపన్యాసం. "బ్రోషరులో ఒక పేరా కొట్టేశాను. తెలియకుండా రాశాను. ఆ అతుకు సంగతి తెలిసినవారు ఇక్కడే ఉన్నారు, వారే చెబుతారు" అని మైకు చీమగారి చేతికిచ్చి తప్పుకున్నాడు.

చీమగారు గోడ మీది బొమ్మ చూశాడు. అతుకు చూశాడు. కాసేపు తడబడి, చివరికి అలవాటైన దారి పట్టాడు.

"గరిటమ్మకి మొహం ఎందుకు లేదని చాలామంది అడుగుతుంటారు. మొహం ఉంటే ఆవిడ ఒక ఇల్లాలు. మొహం తీసేస్తే ప్రతి ఇంటి..."

ఆఖరి వరసలో కుర్చీ కీచుమంది.

పెద్దావిడ లేచింది. కుర్చీని వెనక గోడ వైపు తిప్పుకుని, వేదికకి వీపు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. బుజ్జమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. మెడ ఇంకా నొప్పిగానే ఉంది. అయినా లేచి, తన కుర్చీ కూడా ఈడ్చి, అటే తిప్పుకుంది.

ఇప్పుడు వాళ్ళిద్దరి ముందూ సున్నం వేసిన గోడ తప్ప ఏమీ లేదు. వెనకాల మైకులో ఒక ముసలాయన ఊపిరి మాత్రం వినపడుతోంది.

"నేను..." అంది ఆ గొంతు. ఉపన్యాసం గొంతు కాదు అది, ఇంట్లో గొంతు. "ఎడిటరు ఏమీ అనలేదు. పాపం ఆయనకి తెలియను కూడా తెలియదు. ప్రతి ఇల్లాలూ కాదు, అదీ ఇదీ కాదు. మా ఇంట్లో ఆవిడ నాకు వారం పైన ఇలాగే... వీపే కనపడింది. ఎందుకో నాకు తెలుసు. అడిగితే నేనే జవాబు చెప్పుకోవాల్సి వస్తుందని అడగలేదు. కాగితం అంటించి ఊరుకున్నాను. దానికి పొగిడితే పొగిడించుకున్నాను." ఆ తర్వాత మాట మైకుకి దూరంగా, గొణుగుడులా వచ్చింది.

పక్కన పెద్దావిడ మొహంలో అప్పుడు ఏం జరిగిందో హాల్లో ఒక్క బుజ్జమ్మే చూసింది. అది ఎవరికీ చెప్పలేదు, భర్తకి కూడా. పెద్దావిడ చెయ్యి మాత్రం నోటి మీదికి వెళ్ళలేదు.

"వెనక వరసకి వినపడలేదు" అంది పెద్దావిడ, గోడని చూస్తూనే, హాలంతా వినపడేట్టు.

మైకు గరగరలాడింది. వణికే చేతిలోంచి రెండో చేతికి మారినట్టుంది.

"తప్పు నాదే" అన్నాడు చీమగారు గట్టిగా. "నీ మొహం పెట్టి ఊరంతటినీ నవ్వించాను. తప్పు నాదేనే."